తెలుగులో సంతకం, మారిషస్‌లో ఓటు

మారిషస్‌లో దిగి డబ్బు మార్చుకున్నాక, ఆ నోట్లను ఖర్చు పెట్టేముందు ఒకసారి వరసగా పేర్చి చూడాలి. 25 రూపాయల నోటు మీద చైనా సంతతి నాయకుడు ఆ-చుయెన్. 50 మీద ఫ్రెంచి తెల్లవారి సంతతికి చెందిన మోరిస్ పతురో. 100 మీద తమిళుడు రంగనాథన్ శ్రీనివాసన్. 200 మీద ముస్లిం నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమద్. 500 మీద సుఖదేవ్ విష్ణుదయాళ్, 1000 మీద క్రియోల్ జనం గుండెల్లో పెట్టుకున్న గయితాన్ దువాల్, అన్నిటికన్నా పెద్ద నోటు 2000 మీద తొలి ప్రధాని శివసాగర్ రాంగులాం. మన దగ్గర ఏ నోటు తీసినా గాంధీగారొక్కరే నవ్వుతుంటారు. ఇక్కడ జాతికొక నోటు. ఎవరికీ కోపం రాకుండా పంచిపెట్టారు.

ఇంకొంచెం పరకాయించి చూస్తే అందులో ఒక ఎన్నిక మొత్తం కనబడుతుంది. 1967 ఆగస్టు 7న జరిగిన ఎన్నిక అది. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. కావాలన్నవాళ్లు ముగ్గురు కలిశారు. రాంగులాం లేబర్ పార్టీ, మొహమద్ ముస్లిం పార్టీ, విష్ణుదయాళ్ ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్. అంటే 2000, 200, 500. వద్దన్నవాడు 1000 నోటు దువాల్, పీఎంఎస్‌డీ పార్టీ. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతే హిందువుల కింద బతకాలని భయపడిన క్రియోల్ జనం ఆయన వెనక నిలిచారు. కూటమికి 39 స్థానాలు, దువాల్ పార్టీకి 23 వచ్చాయి. ఓట్లు చూస్తే మాత్రం దువాల్‌వైపు నూటికి 44 దాకా పడ్డాయి. స్వతంత్రం వద్దని అంతమంది చెప్పాక పుట్టిన దేశం, 1968 మార్చి 12న పోర్ట్‌లూయీలో జెండా ఎగరేసింది. మరుసటి ఏడే రాంగులాం ఆ దువాల్‌నే ప్రభుత్వంలోకి తీసుకున్నాడు. పొత్తుల రాజకీయం మనకు కొత్త కాదుగానీ, వీళ్ల వేగం వేరు.

నోటు మీద అంకెను మూడు లిపుల్లో రాస్తారు. మొదట ఇంగ్లీషు, తర్వాత తమిళం, ఆ తర్వాత హిందీ. 1998లో కొత్త నోట్లలో హిందీని తమిళానికన్నా పైన వేస్తే తమిళులు వీధికెక్కారు, నోట్లు వెనక్కి తీసుకుని మళ్లీ అచ్చేశారు. తమిళనాడు నుంచి వెళ్లిన నాకు ఈ కథ వినగానే మన ఊరి మనుషులే కనబడ్డారు. తెలుగు మాత్రం ఆ నోటు మీద లిపిగానూ లేదు, మొహంగానూ లేదు. హోసూరు బస్టాండులో బోర్డుల మీద తెలుగు కోసం వెతికి వెతికి అలవాటైన కళ్లు నావి. కాబట్టి పెద్దగా ఆశ్చర్యపడలేదు.

మాది హోసూరులోని మూకండపల్లి. సిప్కాట్ ఫ్యాక్టరీల పొగ, బెంగళూరు హైవే రొద, ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, ఆఫీసులో తమిళం, ఇప్పుడు అద్దె గదుల్లో హిందీ. ఈ నాలుగింటి మధ్య పెరిగినవాడికి మారిషస్ పరాయి దేశంలా అనిపించదు. దేశం మొత్తం వైశాల్యం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. మా కృష్ణగిరి జిల్లా దానికి రెండున్నర రెట్లు, 5,143. అక్కడి జనం పన్నెండున్నర లక్షలు, మా జిల్లాలో 2011 నాటికే పద్దెనిమిది లక్షల పైన. జిల్లాలో సగం కూడా లేని నేల మీద ఒక ప్రధాని, ఒక రాష్ట్రపతి, ఐక్యరాజ్యసమితిలో ఒక ఓటు ఉన్నాయి.

2025 ఉగాదికి ముందు వెళ్లాం, ఒక తెలుగు సంఘం పిలుపు మీద. అక్కడ ఉగాది దేశమంతటికీ సెలవు. 2024 నవంబరులో సాధారణ ఎన్నికలు ముగిసినా, మునిసిపల్ ఎన్నికలు మే నెలలో ఉన్నాయని ఊళ్లలో మళ్లీ రంగులు ఎక్కుతున్నాయి. రంగులంటే మాటవరసకు కాదు. లేబర్ పార్టీది ఎరుపు, గుర్తు తాళంచెవి. ఎంఎంఎంది ఊదా, గుర్తు హృదయం. పీఎంఎస్‌డీది నీలం, గుర్తు కోడిపుంజు. జగన్నాథ్ కుటుంబం నడిపే ఎంఎస్ఎంది నారింజ, గుర్తు సూర్యుడు. సూర్యుణ్ణి చూడగానే మాతో వచ్చిన హోసూరు మనిషి నవ్వాపుకోలేకపోయాడు: "ఏమప్పా, ఈడ కూడా మనోళ్లేనా?" డీఎంకే ఉదయసూర్యుడు మా గోడల మీద ఎప్పటినుంచో ఉదయిస్తూనే ఉన్నాడు మరి.

ఎన్నికలప్పుడు ప్రతి ఊళ్లోనూ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, పార్టీ రంగు గుడ్డలు చుట్టి, స్పీకరు పెట్టి కుర్రాళ్లు కూర్చుంటారు. దాన్ని 'బాజ్' అంటారు. మీటింగుకు వచ్చినవాళ్లకు బిర్యానీ. ఇది విని మా బృందంలో ఎవరూ నోరు తెరవలేదు. బిర్యానీ పొట్లం, క్వార్టరు సీసా, కవర్లో నోట్లు చూసిన కళ్లు అందరివీ. మా కారు డ్రైవరు భోజ్‌పురీ కుటుంబం వాడు. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీలో మాతో మాట్లాడుతూ వచ్చాడు. ఎవరికి వేశావయ్యా అంటే, మొన్నటిదాకా సూర్యుడు, నవంబరులో తాళంచెవి అన్నాడు. ఎందుకు మారావంటే ఎన్నికలకు ముందు బయటపడ్డ ఫోన్ సంభాషణల టేపుల సంగతి ఎత్తాడు. ఫోన్లు దొంగచాటుగా విన్నారని దేశమంతా గోలగోల అయిందట. ధరల సంగతి అంతకన్నా ఎక్కువసేపు చెప్పాడు.

ఓటు వేసే పద్ధతి మనకు కొత్త. ప్రధాన ద్వీపాన్ని 20 నియోజకవర్గాలు చేశారు, ఒక్కో దానినుంచి ముగ్గురు గెలుస్తారు. దూరంగా ఉన్న రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. మొత్తం 62. ఓటరు చేతిలో మూడు ఓట్లు, మూడూ వేసి తీరాలి. ఒక్కరికే వేసి వచ్చేస్తానంటే కుదరదు, ఆ పత్రం చెల్లదు. నాకు నచ్చని ఇద్దరికి ఎందుకు వేయాలి అని అడిగితే డ్రైవరు దగ్గర జవాబు లేదు. పార్టీలకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది. ముగ్గురి టికెట్టులో ఊళ్లో బలం చూసి ఒక జాతివాణ్ణి, ఒక కులంవాణ్ణి, ఒక మతంవాణ్ణి సర్దుతారు. మనవాడి కోసం వెళ్లినవాడు మిగతా ఇద్దరినీ మోసుకొస్తాడు.

ఈ పద్ధతి వల్లనే గాలి వీచిందంటే ఒకేవైపు కొట్టుకుపోతుంది. ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 ఒకే కూటమికి పోవడం మూడుసార్లు జరిగింది. 1982లో అనిరుద్ధ్ జగన్నాథ్, పోల్ బెరాంజే కూటమి రాంగులాంనే ఓడించింది. 1995లో ఆయన కొడుకు నవీన్ రాంగులాం, బెరాంజే కలిసి జగన్నాథ్‌ను తుడిచిపెట్టారు. 2024లో మళ్లీ నవీన్, బెరాంజే కలిసి, ఈసారి జగన్నాథ్ కొడుకు ప్రవింద్‌ను. స్వాతంత్ర్యం వచ్చినప్పటినుంచి నేను వెళ్లిన రోజుదాకా ప్రధానులు అయిదుగురే. అందులో ఇద్దరు రాంగులాంలు, ఇద్దరు జగన్నాథ్‌లు, మధ్యలో 2003 నుంచి రెండేళ్లు బెరాంజే. హిందువు కాని ప్రధాని ఆయనొక్కడే. తండ్రి తర్వాత కొడుకు అన్న మాట మీద వ్యాఖ్యానించే అధికారం తమిళనాడువాళ్లకు గానీ ఆంధ్రావాళ్లకు గానీ లేదు కాబట్టి వదిలేస్తున్నా.

ఉగాది ఉదయం రోజ్‌బెల్ దాటి చెరకు తోటల నడుమ ఒక చిన్న రామమందిరానికి తీసుకెళ్లారు. చెరకు తలలు కారు అద్దాలను రాసుకుంటూ పోతున్నాయి. గుళ్లో ఎత్తైన దీపస్తంభం, దాని చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఆడవాళ్లు పట్టుచీరల్లో వచ్చారు, పిల్లలు తమలో తాము క్రియోల్లో మాట్లాడుకుంటున్నారు. పాట ఎత్తుకుంటే మాత్రం పూర్తి తెలుగు. కోరంగి రేవునుంచీ, విశాఖ తీరంనుంచీ పందొమ్మిదో శతాబ్దంలో చెరకు నరకడానికి ఒప్పందం కూలీలుగా వెళ్లిన వాళ్ల మునిమనవలు వీళ్లు. అప్పన్నలు, సింహాద్రులు అక్కడి రిజిస్టర్లలో ఇంటిపేర్లయ్యారు. ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నటాషా అప్పన్న ఇంటిపేరులో పాతరెడ్డి కూడా ఉంది.

పచ్చడి తిన్నాక ఒక రిటైరైన తెలుగు మాస్టారు తమ ఇంటికి తీసుకెళ్లారు. బడిలో నేర్చుకుని బడిలోనే నేర్పిన తెలుగు ఆయనది. 'మీరు ఏ జిల్లా వారండీ?' అన్నారు. తమిళనాడు అనగానే ఆగిపోయారు.

"తమిళనాడా? మరి మీ తెలుగు?"

"మాది సరిహద్దు సార్. మా తాతల కాలం నుంచి అక్కడే."

"అయితే మీరు తమిళుల లెక్కలోకి వస్తారా?"

"ఓటుకైతే ఏ లెక్కా లేదు సార్. ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లి చెరకు రైతుల సహకార సంఘం పాసుపుస్తకం ఒకటి తెచ్చారు. అట్ట ఊడిపోయింది. లోపలి పేజీ అడుగున ఊదారంగు సిరాతో తెలుగులో ఒక సంతకం, వాళ్ల నాన్నగారిది. మూడక్షరాల పేరు. తలకట్లు అక్షరాలకు అంటకుండా పైన తేలుతున్నాయి, నడిమి అక్షరం కింద వత్తు పక్కకు జారి తర్వాతి అక్షరం పాదం తొక్కుతోంది. బాగా రాయడం వచ్చినవాడి చేవ్రాలు కాదు. కలం గట్టిగా నొక్కినందుకు వెనక పేజీలో గుంట కనబడుతోంది. "మా నాన్నకు తెలుగులో వచ్చింది ఇదొక్కటే రాత" అన్నారు మాస్టారు. "ఇది నేర్చుకున్నది అప్పుకోసం కాదండీ, ఓటుకోసం."

ఆ మాట వెనక ఉన్న చరిత్ర ఇది. 1886లో మారిషస్‌లో తొలిసారి ఎన్నిక పెట్టినప్పుడు ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు. నాలుగు వేల చిల్లర మంది. అరవై ఏళ్లు గడిచాక కూడా ఆ సంఖ్య పన్నెండు వేలు దాటలేదు. చెరకు నరికేవాడు ఎంతమందైనా కావచ్చు, ఓటు మాత్రం తోట యజమానిది. 1936లో డాక్టర్ మోరిస్ క్యురే లేబర్ పార్టీ పెట్టాడు. మరుసటి ఏడు తోటల్లో సమ్మెలు, కాల్పులు. 1943 సెప్టెంబరులో బెల్‌వ్యూ అరెల్ తోటలో పోలీసులు కాల్చిన వాళ్లలో అంజలై అనే గర్భిణి ఉంది. ఇప్పుడు ఆమె పేరు మీద ఒక స్టేడియం ఉంది. ఆ తర్వాత వచ్చిన కొత్త రాజ్యాంగంలో, ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన పేరు రాయగలిగిన వయోజనులకు, ఆడా మగా అందరికీ ఓటు అన్నారు. సుఖదేవ్‌కు అన్నగారైన వాసుదేవ్ విష్ణుదయాళ్ నడిపిన జన ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా రాత్రిబడులు పెట్టి కూలీలకు సంతకం నేర్పారు. హిందీ ఎక్కువ. తెలుగువాళ్లున్న క్యాంపుల్లో తెలుగు. 1948 ఎన్నిక నాటికి ఓటర్లు డెబ్బై వేలు దాటారు. ఎన్నికయ్యే 19 స్థానాల్లో తెల్లవారికి దక్కింది ఒక్కటే.

మాస్టారి నాన్న అట్లా సంతకం చేసి ఓటరయ్యాడు. మా తాతకు ఆ మూడక్షరాలు కూడా రావు. అయినా 1952లో ఓటు వేశాడు. అప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలో. గుర్తుకొక పెట్టె పెట్టారు, నచ్చిన పెట్టెలో కాగితం పడేసి రావడమే. చదువు రానివాడికి ఓటు ఏమిటని లోకమంతా అన్నా మన రాజ్యాంగం వినలేదు. మారిషస్‌లో ఆ సంతకం షరతు పోయి అందరికీ ఓటు వచ్చింది 1959లో. మా తోరపల్లిలో పుట్టిన రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టింది కూడా అదే ఏడు.

1948లో ఒక్క ముస్లిం అభ్యర్థి కూడా గెలవలేదు. సభలో తమవాళ్లు లేకుండా పోతారేమోనన్న భయం అక్కడి రాజకీయాన్ని ఇప్పటికీ వదల్లేదు. స్వాతంత్ర్యానికి ముందు చిన్న వర్గాలకు భరోసా కావాలని మొహమద్ పట్టుబడితే 'బెస్ట్ లూజర్' పద్ధతి తెచ్చారు. ఓడిపోయినవాళ్లలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్లను ఎనిమిది మంది దాకా అసెంబ్లీలోకి తీసుకోవడం. మొదటి నాలుగు సీట్లు పార్టీతో సంబంధం లేకుండా తక్కువ పడిన వర్గాలకు, తర్వాతి నాలుగు గెలిచిన పార్టీల బలాబలాలు చెడకుండా. 60-0 వచ్చినప్పుడల్లా ప్రధాన ద్వీపం నుంచి ప్రతిపక్షమనేది లోపలికి వచ్చింది ఈ దొడ్డిదారినే.

ఇందుకోసం ప్రతి అభ్యర్థీ నామినేషన్ కాగితంలో తానెవరో రాయాలి. గడులు నాలుగే: హిందువు, ముస్లిం, చైనా సంతతి, మిగిలినవాళ్లంతా సాధారణ జనం. తెలుగువాడు, తమిళుడు, మరాఠీవాడు హిందూ గడిలోకి పోతారు. ఎవరు ఎంతమంది అన్నది 1972 జనాభా లెక్కల అంకెలతోనే చూస్తారు. ఆ తర్వాత వర్గాలవారీగా లెక్కపెట్టడమే మానేశారు. ఈ గడి మేం నింపం అని రెజిస్తాన్స్ ఎక్ ఆల్తెర్నాతివ్ అనే చిన్న పార్టీ వాళ్లు మొండికేస్తే నామినేషన్లు కొట్టేశారు. వాళ్లు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్లారు. 1972 లెక్కతో ఇప్పుడు జాతి చెప్పమనడం హక్కుల ఉల్లంఘన అని 2012లో కమిటీ తేల్చింది. 2014 ఎన్నిక ఒక్కదానికి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చి, 2019లో మళ్లీ గడి పెట్టారు. ఆ పార్టీ నాయకుడు అశోక్ సుబ్రోన్ 2024లో మంత్రి అయ్యాడు. గడి మాత్రం నేను వెళ్లేనాటికి ఇంకా అక్కడే ఉంది.

మాస్టారికి ఈ గడి పోతుందంటే దిగులు. "మంత్రుల పేర్లు ప్రకటించే రోజు మా వాళ్లందరూ రేడియో దగ్గర కూర్చుంటారండీ. తెలుగు పేరు ఒకటి వినపడాలి. లెక్కలు తీసేస్తే మమ్మల్ని ఎవరు అడుగుతారు?" అన్నారు. కాఫీ తెచ్చిన ఆయన మనవరాలు, యూనివర్సిటీలో చదువుతోందట, క్రియోల్లో ఏదో గట్టిగా అంది. మాస్టారు నవ్వుతూ తెలుగు చేసి చెప్పారు: ఆ పిల్లకు ఓటడిగేవాడి ఇంటిపేరు అక్కర్లేదు, బస్సు టైముకు రావాలట.

నా ఓటు మనవరాలికే. తెలుగువాళ్లు ఈ పద్ధతి వల్ల బాగుపడింది నాకేమీ కనబడలేదు. 1948లో తెలుగు అన్నది ఓటు తెచ్చిపెట్టిన భాష. ఇరవై ఏళ్లు తిరక్కుండానే హిందూ గడిలో కలిసి లెక్కకు కూడా రాకుండా పోయింది. వాళ్లను ఈనాటికీ తెలుగువాళ్లుగా నిలబెడుతున్నవి బళ్లో తెలుగు పీరియడ్డు, ఈ రామభజన. అసెంబ్లీలో సభ్యుడు ఇంగ్లీషులో మాట్లాడాలి, కావాలంటే ఫ్రెంచిలో సభాపతిని సంబోధించవచ్చు. దేశమంతా ఇంట్లో మాట్లాడే క్రియోల్‌కే నేను వెళ్లేనాటికి అక్కడ చోటు లేదు, తెలుగు సంగతి ఎవరెత్తుతారు?

మా దగ్గర గడి లేదు కదా, ఏమైంది? 1967లోనే, మారిషస్ ఆ పెద్ద ఎన్నికకు తయారవుతున్నప్పుడే, అణ్ణాదురై డీఎంకే మద్రాసులో గద్దెనెక్కింది. ఆ గాలికి హోసూరు చాలాకాలం లొంగలేదు. కాంగ్రెస్‌నో, స్వతంత్ర పార్టీనో, జనతాదళ్‌నో గెలిపిస్తూ వచ్చింది. ఇక్కడ ఏ పార్టీ టికెట్టు ఇచ్చినా అభ్యర్థి ఇంటికొచ్చి ఓటడిగేది తెలుగులోనో కన్నడంలోనో. జెండా ఏదైనా కావచ్చు, గడప దగ్గర 'ఏం పెద్దమ్మా, బాగుండావా?' అనకపోతే పని జరగదు. 2001 నుంచి మూడుసార్లు వరసగా హోసూరు ఎమ్మెల్యే అయిన కాంగ్రెస్ నాయకుడు కె.గోపీనాథ్ 2024లో కృష్ణగిరి ఎంపీగా గెలిచి లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశాడు. ఆ వీడియో మా మూకండపల్లిలో ఫోన్లన్నిటికీ చేరింది. అయితే బడిలో తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత మా పిల్లల తెలుగు బడి కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఎంపీ ప్రమాణం తెలుగులో ఉంది, పిల్లల పదో తరగతి పరీక్షలో తెలుగు ఉండటానికి సుప్రీంకోర్టు మినహాయింపు కావాల్సి వచ్చింది. గడి ఉన్నా లేకున్నా బడి లేకపోతే భాష నిలవదని రెండు చోట్లా తెలుస్తూనే ఉంది.

ఇంకొక పోలిక చెప్పకుండా ఉండలేను. మారిషస్ మునిసిపల్ ఎన్నికలు 2015లో జరిగాయి, వాయిదాల మీద వాయిదాలు పడి మళ్లీ 2025 మేలో. తమిళనాడు పట్టణాల్లో 2011 తర్వాత మళ్లీ జరిగింది 2022 ఫిబ్రవరిలో. మా హోసూరు కార్పొరేషన్ అయింది 2019లో, మొదటి ఓటు వేసింది ఆ 2022లో. మధ్యలో మురుగు కాలువ నిండితే చెప్పుకోవడానికి కౌన్సిలరు లేడు. ప్రధానిని దించడం తెలిసిన ఓటర్లకూ, ముఖ్యమంత్రిని మార్చడం తెలిసిన ఓటర్లకూ వార్డు ఓటు మాత్రం పదేళ్లు దొరకలేదు. దీని మీద అక్కడా ఇక్కడా ఎవరూ వీధికెక్కినట్టు నాకు తెలియదు.

మారిషస్ వెళ్లే తెలుగువాళ్లకు ఒక మనవి. బీచ్‌లు చూడండి, కూలీలు ఓడ దిగిన అప్రవాసీ ఘాట్ మెట్లు చూడండి. తీరిక చేసుకుని ఒక తెలుగు ఇంటికి కూడా వెళ్లి, 1948కి ముందు రాత్రిబడిలో పెద్దవాళ్లు సంతకం దిద్దిన పలకో పుస్తకమో పాసుపుస్తకమో ఏమైనా మిగిలిందా అని అడగండి. ఉంటే మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించమని చెప్పండి, వలస కూలీల కాగితాలు అక్కడే భద్రంగా ఉన్నాయి. 1948లో ఇరవై ఒక్కేళ్లు నిండి ఓటేసినవాళ్లు ఇప్పుడు బతికుంటే వంద దగ్గర ఉంటారు.